ఐసీయూలో గొట్టం ఆహారం: వేళల చరిత్ర

మింగలేని రోగికి ముక్కులోంచో నోట్లోంచో కడుపులోకి గొట్టం వేసి ద్రవాహారం ఇవ్వడం చాలా పాత పద్ధతి. 1790లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్, గొంతు కండరాలు పడిపోయిన ఒక రోగికి ఈల్ చేప చర్మంతో గొట్టం చేసి గుడ్లు, పాలు, జెల్లీ వంటివి పంపాడు. ఆ రోగి కోలుకున్నాడు. ఏ వేళకు, ఎంత, ఎంత వేగంతో ఇవ్వాలన్న చర్చ మాత్రం ఐసీయూలు వచ్చాకే ముదిరింది.

తెలుగు ఆసుపత్రుల్లో ఈ గొట్టాన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. లండన్ గైస్ హాస్పిటల్ వైద్యుడు జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ 1921లో దీన్ని రూపొందించింది కడుపులోని రసాలను విడతలవారీగా బయటికి తీసి పరీక్షించడానికి. తోడడానికి పుట్టిన గొట్టమే తర్వాత పోయడానికి పనికొచ్చింది. అయినా తోడి చూసే అలవాటు దాన్ని వదల్లేదు. దశాబ్దాలపాటు ఆహారపు వేళలను శాసించింది ఆ అలవాటే.

మొదట్లో సిరంజితో పూటకు ఇంత అని పోసేవారు. పంపులు వచ్చాక గంటకు ఇన్ని మిల్లీలీటర్ల చొప్పున రాత్రింబవళ్లు ఆపకుండా ఇవ్వడం ఐసీయూల్లో ఆనవాయితీ అయింది. రెండింటిలోనూ నర్సు కొన్ని గంటలకోసారి కడుపులో మిగిలినదాన్ని సిరంజితో లాగి కొలిచేది. 200 మి.లీ. దాటితే చాలాచోట్ల ఆహారం ఆపేసేవారు. వాంతై, ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందన్న భయం ఉండేది. భయం న్యాయమైనదే, కానీ ఆ కొలత నమ్మదగినది కాదు. వెంటిలేటర్‌పై ఉన్న 449 మందితో ఫ్రాన్స్‌లో జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. మిగులును కొలవని వారికి వాంతులు ఎక్కువయ్యాయి గానీ న్యుమోనియా పెరగలేదు, ఆహారం మరింత బాగా అందింది. అంతకన్నా ముందే, 1999లో బార్సిలోనా వైద్యులు తల వైపు మంచాన్ని 45 డిగ్రీలు ఎత్తి ఉంచితే న్యుమోనియా తగ్గుతుందని చూపారు. ఖర్చు లేని ఆ జాగ్రత్తకు దక్కాల్సినంత గౌరవం ఇప్పటికీ దక్కలేదు.

కేస్ షీట్‌లో రాసిన ఆహారం రోగికి పూర్తిగా చేరకపోవడం మరో చిక్కు. స్కానింగ్‌కు తీసుకెళ్లినా, ఆపరేషన్ ఉన్నా, గొట్టం జారినా పంపు ఆగుతుంది. రోజుకు 1,200 మి.లీ. కావాలంటే గంటకు 50 ఇవ్వాలి. నాలుగు గంటలు ఆగితే 200 మి.లీ. పోయినట్టే. కెనడా వైద్యుడు డారెన్ హేలాండ్ బృందం 2010లో గంట లెక్కకు బదులు రోజు లెక్కను ముందుకు తెచ్చింది. మొదటి నాలుగు గంటలు పోతే మిగిలిన ఇరవై గంటలూ 60 చొప్పున ఇచ్చి లోటు పూడుస్తారు. ఆ వేగం మార్చే అధికారం నర్సు చేతిలోనే ఉంటుంది. ఈ చరిత్రలో అన్నిటికంటే తెలివైన మలుపు ఇదేననాలి.

మనిషి పూటపూటకూ తినే జీవి కాబట్టి విడతలుగా ఇస్తే కండ నిలుస్తుందన్న ఆశ కూడా ఉండేది. బ్రిటన్‌లో 121 మందిపై జరిగి 2020లో వచ్చిన అధ్యయనంలో కండరాల క్షయంలో తేడా కనిపించలేదు. యూరప్ మార్గదర్శకాలు మాత్రం 48 గంటల్లోపు మొదలుపెట్టి, ఆపకుండా ఇవ్వమనే అంటున్నాయి.

నిండా పెట్టాలన్న పట్టుదల కూడా సడలింది. వెంటిలేటర్‌పై ఉండి, రక్తపోటు నిలిపే మందులు వాడుతున్న 3,044 మందిపై జరిగిన ఫ్రెంచ్ అధ్యయనం 2023లో వచ్చింది. మొదటి వారంలో కిలో బరువుకు రోజుకు 6 కేలరీలు, మాంసకృత్తులు కూడా తక్కువగా ఇచ్చినవారిలో మరణాలు పెరగలేదు. 25 కేలరీలు అందుకున్నవారి కంటే వాళ్లే ముందుగా ఐసీయూ వదిలే స్థితికి చేరారు. జబ్బు తొలి రోజుల్లో శరీరం తన నిల్వలను కరిగించి వాడుకుంటూనే ఉంటుంది. బయటి నుంచి ఎంత పోసినా ఆ కరగడం ఆగదు.

పంపులు లేని వార్డుల్లో నేటికీ రెండు మూడు గంటలకోసారి సిరంజితోనే పోస్తారు. చాలాసార్లు ఆ సిరంజి పట్టుకునేది రోగి కూతురో కోడలో. వడగట్టిన రాగి జావ, పాలు, పప్పు తేట పోశాక గొట్టంలోకి కాసిని మంచినీళ్లు పంపడం, తర్వాత అరగంటైనా తల దించకపోవడం నర్సులు ఆమెకు మొదట నేర్పే పాఠాలు.