దెబ్బలేని వెన్నుగాయము

తాటిచెట్టుపైనుండి పడి వెన్నెముక విరిగినవాని లక్షణములు వెంటనే తెలియును. దెబ్బకు దిగువ కాళ్లు చచ్చుబడును, స్పర్శ నశించును, మూత్రము బంధించును. మొదట మోకాటిక్రింద తట్టినను కాలు కదలదు. కొన్ని వారములు గడచిన పిమ్మట అదే కాలు బిగిసి, తట్టినంతనే ఎగిరిపడును. ఏ దెబ్బయు తగులకుండగనే మనుష్యునికి ఇట్టి స్థితి వచ్చుట కలదా?

చీమకుర్తి మీదుగా పడమరకు పోవు బాట పొదిలి చేరును. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు నెల్లూరు జిల్లాలోనివి. ఈ మెట్టసీమలో జనులు తరతరములుగా బావినీరు త్రాగిరి. తెలుగుదేశపు రైతులు ఈ వ్యాధిని మొదట తమ ఎద్దులయందే చూచిరి. కీళ్లు బిగిసి అవి నడువలేకపోయెను. పశువుల వ్యాధిని గూర్చి 1934లో మహాజన్ వ్రాసెను. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారిగార్లు నెల్లూరు జిల్లా మనుష్యులయందు దీనిని వర్ణించి, నీటిలోని ఫ్లోరైడే కారణమని తెలిపిరి.

ఫ్లోరైడు ఎముకలో చేరి నిలుచును. ఎముక దళసరియగును, దానిని పట్టియుంచు స్నాయువులు సున్నముగట్టును, వెన్నెముక నాళము ఇరుకగును. లోని వెన్నుపాము ఏండ్ల తరబడి నొక్కుకొనును. రోగి ముందు నడుమునొప్పి యనును, పిదప గొంతుకూర్చుండలేడు, ప్రక్కకు చూడవలెనన్న మెడ త్రిప్పలేక మేనంతయు త్రిప్పును. తిమ్మిరి, కాళ్ల బిగువు ఆపై వచ్చును. ఇట్టి రోగులను నల్గొండ జిల్లాలో పరీక్షించి సిద్దిఖీ 1955లో వ్రాసెను.

అరికాలిని గీచినచో ఆరోగ్యవంతుని బొటనవ్రేలు క్రిందికి వంగును. వెన్నుపాము చెడినవానికి పైకి లేచును. దీనిని బాబిన్స్కీ 1896లో కనుగొనెను. (ఏడాదిలోపు పసిపాపలకు వ్రేలు పైకి లేచుట సహజమే. ఇంటిలో చెల్లెలి పాదము గీచి చూచిన విద్యార్థి బెదరిపోనక్కరలేదు.)

ఉపాధ్యాయునికి తరగతిలోనే కనబడు గుర్తు వేరు: పిల్లల పండ్లపై సుద్దతెలుపు మచ్చలు, గోధుమరంగు చారలు. కాళ్లు బిగియుటకు దశాబ్దములు ముందే అవి కనబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పటిక, సున్నము కలిపి నీటిని తేర్చు నల్గొండ పద్ధతి 1970లలో వచ్చెను. నీరు మార్చినచో పిల్లల ఎముకలు నిలుచును. చాలకాలము నలిగిన వెన్నుపాము మాత్రము మరల బాగుపడుట అరుదు.