చారల రబ్బరు, చెరిగిన ఒకటి

కరెంటు పోయిన ఒక రాత్రి గుమ్మలక్ష్మీపురంలోని మా ఇంట ఇన్వర్టరు పలకలేదు. వానాకాలమంతా అటక మీద పడివున్న పాత అంకెల మీటరును దింపి బ్యాటరీని కొలిచాను. 2.64 వోల్టులు. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంతకు దిగజారితే ఇక ఆశ వదులుకోవలసిందే. మా బావగారు మరునాడే దానిని బస్సులో వేసుకుని పార్వతీపురం వెళ్ళి, పాతసామాను ధరకు ఇచ్చివేసి, కొత్తది తెచ్చారు. ఎందుకో కొత్తదానిని కూడా కొలిచాను. 2.71!

తప్పు బ్యాటరీది కాదు, మీటరుదీ పూర్తిగా కాదు. తెర మీద మొదటి అంకె ‘1’ కనబడటం మానేసింది, అంతే. (ఇన్వర్టరు పలకకపోవడానికి కారణం తుప్పుపట్టిన ఒక బిగింపు అని తరువాత తేలింది.)

ముల్లు మీటర్ల కాలంలో ఇటువంటి మోసానికి తావు లేదు. 1923లో బ్రిటిష్ తపాలాశాఖ ఇంజనీరు డోనాల్డ్ మకాడీ ఆలోచన నుంచి వచ్చిన ఆవో మీటరు మొదలుకొని ఆ జాతి అంతా ముల్లు కదిలితే కొలత, కదలకపోతే చెడినట్టు. అర్ధసత్యం చెప్పడం ముల్లుకు చేతకాదు. తరువాత వచ్చిన నిక్సీ గొట్టాల, ఎర్ర దీపాల మీటర్లలో అంకెలను మోసే కాళ్ళు లోహపువి. వాటికి టంకం పెట్టవచ్చు. అయితే వాటి విద్యుద్దాహం ఎక్కువ. చిన్న బ్యాటరీతో జేబులో తిరిగే మీటరుకు అవి బరువే.

ఆ చిక్కు విప్పినది ద్రవస్ఫటికం. 1888లో ప్రాగ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ ఒకే పదార్థం రెండు మార్లు కరగడం గమనించాడు. ఆ వింత ఎనభై ఏళ్ళపాటు ప్రయోగశాల దాటలేదు. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ హైల్‌మయర్ బృందం తయారుచేసిన తెరను ప్రకటించింది. 1970 డిసెంబరులో స్విట్జర్లాండులో షాట్, హెల్‌ఫ్రిచ్ మెలితిరిగిన అమరికకు పేటెంటు కోరారు. 1973లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం గది వేడిమిలో నిలకడగా ఉండే పదార్థాలను అందించింది. 1977లో ఫ్లూక్ సంస్థ చేతిలో ఇమిడే 8020ఏ మీటరును తెచ్చింది. అదే ఏడు బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం బిళ్ళల ఆకారపు అణువులతోనూ ద్రవస్ఫటికాలు ఏర్పడతాయని చూపింది. మన మీటర్లలో ఉన్నవి అవి కావు గాని, ఈ కథలో మన దేశానికీ ఒక పుట ఉందని చెప్పక ఉండలేకపోయాను.

ఇక్కడే అసలు ఇబ్బంది మొదలయింది. తెర గాజుది. దాని అంచున ఉన్న దారులు ఇండియం టిన్ ఆక్సైడుతో పూసిన, కంటికి ఆనని పొర. వాటికి మామూలు టంకం అంటదు. అందుకని గాజుకూ కింది పలకకూ నడుమ ఒక రబ్బరు కడ్డీని ఇరికించారు. సిలికోను రబ్బరులో కర్బనం కలిపిన నల్ల పొర ఒకటి, కలపని పొర ఒకటి, ఇలా వందలాదిగా పేర్చిన కడ్డీ. ఆ చారలను చూసే దానికి జీబ్రా అని పేరు పెట్టారు. అతుకు లేదు, టంకం లేదు. మరలు బిగించిన ఒత్తిడే దాని బలం. ఏళ్ళు గడిచి రబ్బరు సాగుగుణం తగ్గినా, మన్యపు తేమకు పలక మీది మెట్టల పైన పొర కట్టినా, ఆ బంధం సడలుతుంది.

నా మీటరులోని చిప్పు ఐసీఎల్ 7106 తరహాది. మూడు పూర్తి అంకెలకు అంకెకు ఏడేసి చొప్పున 21 దారులు, రుణచిహ్నానికి ఒకటి, మొదటి ‘1’ మొత్తానికీ ఒక్కటే. ఆ ఒక్క దారి తెగితే 12.64 కాస్తా 2.64 అవుతుంది. బ్యాటరీ దగ్గర ఇది డబ్బు నష్టం. 200 వోల్టుల మెట్టు మీద కరెంటు తీగ దగ్గరయితే 140 వోల్టులు 40గా కనిపించి ప్రాణం మీదికి రావచ్చు. నడిమి గీత పోతే 8 సున్నా అవుతుంది, పై గీత పోతే 7 ఒకటవుతుంది. తెర మసకబారదు, తడబడదు, నిబ్బరంగా అబద్ధం చెబుతుంది.

బాగుచేయడం పెద్ద విద్య కాదు. కొలిచే తీగలను, బ్యాటరీని తీసివేసి మరలు విప్పాను. కడ్డీని సాగదీయకుండా పైకెత్తి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన నూలుగుడ్డతో దానినీ, గాజు అంచునీ, పలక మీది మెట్టలనూ తుడిచాను. గాజు మీది ధ్రువణ పొరకు ఆ తడి తగలనివ్వరాదు, వేలిజిడ్డు మళ్ళీ అంటనివ్వరాదు. ఆరాక కడ్డీని తలకిందులు చేసి పెట్టి, చట్రం కింద సన్నని కాగితపు మడత ఒకటి ఉంచి, మరలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను. చిప్పుకు పరీక్ష కాలు ఒకటుంది. దానిని ధన ధ్రువానికి తాకిస్తే తెర మీద –1888 నిండుగా వెలుస్తుంది. క్షణం చూసి వదిలేయాలి. అప్పుడు తెరకు ఏకదిశా విద్యుత్తు చేరుతుంది కనుక ఎక్కువసేపు ఉంచితే కాలిపోతుంది.

డబ్బా విప్పడం ఇష్టం లేనివారికి ఇంకా తేలిక మార్గం: కొత్త గోడగడియారపు బ్యాటరీని 2 వోల్టుల మెట్టు మీద కొలవండి. ఒకటిన్నర చిల్లర రావాలి. అర మాత్రమే వస్తే ఒకటి పోయిందన్నమాట.

నా మీటరు ఆ పరీక్ష నెగ్గింది. బావగారికి మాత్రం ఆ పాత బ్యాటరీ సంగతి ఇంతవరకూ పూర్తిగా చెప్పలేదు.