బాలోద్యాన చరిత్ర

చదువు వేరు, ఆట వేరు అను అభిప్రాయము మనలో చిరకాలముగా పాతుకొనియున్నది. పుస్తకము పట్టిన పిల్లవాడు బుద్ధిమంతుడనియు, వీధిలో ఆడు పిల్లవాడు చెడిపోవుచున్నాడనియు తలంచు పెద్దలు నేటికిని పెక్కురు కలరు. కాని అయిదారేండ్ల లోపు శిశువునకు ఆటయే చదువు. ఈ సత్యము లోకమున సులభముగా నెగ్గలేదు. ఒక రాజ్యము దానిని నిషేధించెను కూడ. ఆ చరిత్రను గ్రంథాలయ రజతోత్సవ వేళ స్మరించుట ఉచితము.

ఫ్రెడ్‌రిక్ ఫ్రోబెల్ 1782లో జర్మనీ దేశమందలి తురింగియా ప్రాంతమున, ఒక పల్లెలో, మతాచార్యుని కుమారుడుగా జన్మించెను. ఏడాది నిండకమునుపే తల్లి మరణించెను. ఆదరణ కఱవైన ఆ బాలునకు చెట్లును, పూలును చెలికాండ్రయ్యెను. 1808 మొదలు 1810 వరకు స్విట్జర్లండులో సుప్రసిద్ధ విద్యావేత్త పెస్తలోజీ చెంత నుండి, వస్తువును చూచి, తాకి తెలిసికొనిన పిదపనే మాటయు, అక్షరమును రావలెనను సూత్రమును గ్రహించెను.

1837లో బ్లాంకెన్‌బర్గ్ అను చిన్న పట్టణమున ఫ్రోబెల్ పసిపిల్లల కొఱకొక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టెను. శిశువుల తోట అని ఆ మాటకు అర్థము. తోటమాలి మొక్కను పట్టి లాగి పెంచడు. నీరు పోసి, కంచె కట్టి, ఎదుగుటకు అవకాశము కల్పించును. ఉపాధ్యాయుడును అట్లే యుండవలెనని ఆయన భావము.

ఆయన పిల్లల కిచ్చిన ఆటవస్తువులకు ‘కానుకలు’ అని పేరు. మొదటిది రంగురంగుల ఉన్నిబంతులు. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తంభము. మూడవది ఎనిమిది చిన్న ఘనములు కూడి ఒక పెద్ద ఘనమగునట్టి దిమ్మ. పిల్లవాడు దానిని విడదీసి కుర్చీ చేయును, మెట్లు కట్టును, మరల పెట్టెలో సర్దును. ఆ సర్దుటలో సగము, పావు, మొత్తము అనునవి చేతికే తెలియును. నోట వల్లించిన ఎక్కము మఱపునకు రావచ్చును. చేయి నేర్చినది మఱపునకు రాదు.

ఇట్టి అమాయకపు ఆటలను చూచి ప్రష్యా ప్రభుత్వము భయపడెను! 1848 నాటి విప్లవము అణగిన పిమ్మట పాలకులు ప్రతి నూతన భావమునందును కుట్రను చూచుచుండిరి. ఫ్రోబెల్ అన్నకుమారుడు కార్ల్ రచించిన పుస్తకమును ఫ్రోబెల్ సిద్ధాంతముతో కలగాపులగము చేసి, నాస్తికత్వమును, సామ్యవాదమును బోధించుచున్నవను నెపమున 1851లో కిండర్‌గార్టెనులను నిషేధించిరి. వృద్ధుడైన ఫ్రోబెల్ మొఱ పెట్టుకొనెను గాని ఫలింపలేదు. 1852లో ఆయన కన్ను మూసెను. నిషేధము 1860లో గాని తొలగలేదు.

అయినను ఆ విత్తనము నశింపలేదు. ఆయన శిష్యురాండ్రు దానిని దేశదేశములకు కొనిపోయిరి. 1873లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు సార్వజనిక పాఠశాలలలో సూసన్ బ్లో దానికి స్థానము సంపాదించెను. ఫ్రోబెల్ సమాధిపై నిలిపిన రాళ్లు ఆయన రెండవ కానుక ఆకారములే.

మన దేశమున 1920లో గిజుభాయి బధేకా గుజరాతు సీమలోని భావనగరమున బాలమందిరమును స్థాపించెను. 1939లో మరియా మాంటిసోరీ మద్రాసునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. తెనుగు పిల్లలకు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియో ద్వారా ఆటపాటల నందించి ‘రేడియో అన్నయ్య, అక్కయ్య’లైరి. 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన అంగన్‌వాడి పథకము పల్లెపల్లెకు శిశుకేంద్రమును తెచ్చెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము సయితము మూడు మొదలు ఎనిమిదేండ్ల వారికి ఆటల ద్వారా బోధనయే తగునని నిర్ణయించినది.

ఆట అక్షరమునకు శత్రువను శంక వలదు. రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ దీనిని చక్కగా వివరించెను. పిల్లవాడు కఱ్ఱను గుఱ్ఱముగా భావించి స్వారి చేయునపుడు, ఒక వస్తువు మఱియొక దానికి గుర్తుగా నిలువగలదని తెలిసికొనుచున్నాడు. అక్షరమును అంతియే గదా! పలకపై గీసిన గీత ఒక ధ్వనికి గుర్తు. కఱ్ఱను గుఱ్ఱము చేయనేర్చిన శిశువునకు ఆ గీత అక్షరమగుట కష్టము కాదు.

మనకు ఫ్రోబెల్ కానుకలు కొత్తవి కావు. వామనగుంటలలో లెక్క కలదు. అచ్చనగాయలలో చేతి నిపుణత కలదు. బొమ్మరింటిలో, గుజ్జనగూళ్లలో సంసారపు మర్యాద కలదు. అయిదవ యేట అక్షరాభ్యాసమును విధించిన మన పూర్వులు అంతకు ముందరి యేండ్లను ఆటకు విడిచిరి. నేడు మనమో, మూడేండ్ల పసివాని వ్రేళ్లు పెన్సిలు పట్టుటకు తగినంత బలపడకమునుపే నాలుగు గీతల పుస్తకము నిచ్చి, వ్రాయలేదని దండించుచున్నాము.

గ్రంథాలయము చదువరుల నిలయము. నేటి శిశువే రేపటి చదువరి. కావున ప్రతి గ్రామ గ్రంథాలయము తన ఆవరణలో ఒక మూల ఇసుక పోయించి, నాలుగు కొయ్యదిమ్మలును, గుప్పెడు చింతగింజలును, కొన్ని బొమ్మల పుస్తకములును ఉంచవలెనని నా మనవి. దీనికి ధనము అంతగా అక్కఱలేదు. పెద్దల ఓర్పు చాలును. ఆ మూల ఆడుకొనిన పిల్లలు పదేండ్లకు లోపలి బల్లల యొద్దకు తామే వచ్చి కూర్చుందురు.