పూసల కుట్టు నగలు

చిన్న గాజుపూసలను సూది దారంతో ఒకదానికొకటి కలిపి కుట్టి నగలు చేసే హస్తకళ పూసల కుట్టు. దీనికి మగ్గం అక్కర్లేదు, అడుగున గుడ్డా అక్కర్లేదు. దారం బిగువు మీదే నగ నిలబడుతుంది. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల్లో వసంతానికి పూలు, శరత్తుకు పండుటాకులు, శీతాకాలానికి మంచు రేకలు ఈ నగల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఏ రూపానికి ఏ కుట్టు నప్పుతుందో తెలియడమే ఇందులో అసలు పనితనం.

పూసలు, దారం

పూసల సైజు అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 8/0 పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11/0 సుమారు 2, 15/0 సుమారు 1.5 మిల్లీమీటర్లు ఉంటాయి. చెక్ రిపబ్లిక్‌లోని యాబ్లొనెట్స్, జపాన్‌లోని హిరోషిమా ప్రాంతం వీటి తయారీకి పేరుమోశాయి. చెక్ పూసలు కాస్త గుండ్రంగా, కొద్దిపాటి హెచ్చుతగ్గులతో ఉంటాయి. జపాన్ మియుకీ సంస్థ డెలికా పూసలు గొట్టాల్లా సమానంగా ఉండి, వరసలు చదునుగా కూర్చుంటాయి. సన్నని 10 లేదా 12 నంబరు సూది, నైలాన్ దారం వాడతారు. నైలాన్ కొద్దిగా సాగుతుంది కాబట్టి కుట్టే ముందే లాగి పెట్టుకుంటారు.

కుట్లు, ఆకృతులు

ఆకుకు బ్రిక్ స్టిచ్ అనువైనది. ఇందులో కొత్త పూసను ఎక్కించి, కింది వరసలోని రెండు పూసల మధ్య కనిపించే దారం కిందుగా సూది పోనిచ్చి, తిరిగి అదే పూసలోంచి పైకి తీస్తారు. పూసలు గోడలోని ఇటుకల్లా ఎడం మార్చుకుని కూర్చుంటాయి. వరసకో పూస తానే తగ్గుతుంది. 9 పూసల నడిమి వరసతో మొదలుపెట్టి, రెండు వైపులా 8, 7, 6 అంటూ 2 దాకా కుడితే మొత్తం 79 పూసలతో మొనదేలిన ఆకు వస్తుంది. మామిడి చిగురు రాగిరంగు నుంచి లేతాకుపచ్చకు మారినట్టు, వరసవరసకూ రంగు మార్చవచ్చు. నడిమి ఈనెకు బంగారు రంగు పూస వేస్తే, బేసి వరసల్లో అది సరిగ్గా మధ్యన పడుతుంది. సరి వరసల్లో మధ్య పూసలు రెండు కాబట్టి వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. అందువల్ల ఈనె కాస్త వంకరగా సాగుతుంది.

పూలకు వలయాకారపు పెయోట్ కుట్టు వాడతారు. ప్రతి చుట్టుకూ తగినన్ని పూసలు చేరిస్తే వలయం చదునుగా ఉంటుంది. తక్కువైతే గిన్నెలా లోతుగా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పడి పూరేకులా అలలు తేలుతుంది.

మంచు రేకకు లెక్క ముందే సిద్ధంగా ఉంది. మంచు స్ఫటికానికి ఆరు కొమ్మలు. ఒక గుండ్రటి పూస చుట్టూ అదే సైజువి సరిగ్గా ఆరు పూసలు ఇముడుతాయి. ఆ ఆరింటి నుంచి కొమ్మలు పెంచుతూ పోతారు.

చరిత్ర

కరిగించిన గాజును సన్నని గొట్టంగా సాగదీసి, ముక్కలు చేసి పూసలు తయారుచేసే పద్ధతి దక్షిణ భారతంలో ప్రాచీనమైనది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు దీనికి ప్రసిద్ధ కేంద్రం. అలాంటి సాగదీత పద్ధతే తిరుపతి సమీపంలోని పాపానాయుడుపేటలో ఆధునిక కాలం వరకూ కొనసాగింది. పూసల చరిత్ర పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ జూనియర్ ఈ కోవ పూసలకు ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టారు.

ఉత్తర అమెరికాలో ఐరోపా వర్తకులు గాజుపూసలు తేకముందు ఆదివాసులు రంగు వేసిన ముళ్లపంది ముళ్లతో అలంకరణ చేసేవారు. తర్వాత ఒజిబ్వే, మెటీ ప్రజలు గుడ్డపై, తోలుపై పూలతీగలు, ఆకులు, పళ్లు పూసలతో కుట్టి ఆ కళకు పేరు తెచ్చారు.

జాగ్రత్తలు

రంగు అద్దిన పూసలు ఎండకు వెలిసిపోవచ్చు. లోహపు పూత అత్తరుకు, చెమటకు చెదరవచ్చు. గాజుకే రంగు కలిపి చేసిన పూసలు ఎక్కువకాలం నిలుస్తాయి. పదునైన అంచున్న పూస దారాన్ని కోసేస్తుంది గనుక కుట్టే ముందే అలాంటివి ఏరి పారేయడం మంచిది.