పురుడు, పద్దు, పైకము

రాచర్ల సీమలో తొలిచూలాలికి అనాదిగా ఒక సెలవు కలదు. దానిని ఏ శాసనసభయు చట్టము చేయలేదు. ఏ అధికారియు దానిపై ముద్ర వేయలేదు. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో పుట్టింటివారు వచ్చి, చలిమిడి పెట్టి, గాజులు తొడిగి, ఆడబిడ్డను వెంటబెట్టుకొనిపోవుదురు. పురుడు వెళ్లి, పసిబిడ్డకు మూడవ నెలయో అయిదవ నెలయో వచ్చిన పిమ్మట గాని అత్తవారింటికి మరల పంపరు. లెక్క వేసి చూచినచో ఇది ఇంచుమించు 26 వారములగును. అనగా 2017లో భారత పార్లమెంటు ఉద్యోగినులకు ప్రసాదించిన గడువును మన పల్లెల ముసలమ్మలు ఎన్నడో నిర్ణయించి, దానిని పుట్టింటి ఖర్చు క్రింద వ్రాసిరన్నమాట. అయితే ఈ సెలవు తొలికాన్పునకే గాని మలికాన్పునకు అంతగా చెల్లదు. పుట్టిల్లు గతించినదానికి అసలే చెల్లదు. కూలికి పోయినగాని పొయ్యి వెలుగని ఇంటిలో నిండు చూలాలు సైతము మిరపచేనిలో వంగి యుండుట ఈ ప్రాంతమువారెవరును చూడనిది గాదు.

ప్రసూతి భారమును పుట్టింటిపైనుండి పనిచేయించుకొనువానిపైకి మార్చవలెనన్న ఊహ మనకు మిల్లుల వెంట వచ్చినది. 1919లో వాషింగ్టను నగరమున సమావేశమైన అంతర్జాతీయ కార్మిక మహాసభ, ప్రసవమునకు ముందు 6 వారములును తరువాత 6 వారములును స్త్రీకి విశ్రాంతి నీయవలెననియు, ఆ కాలమున తల్లీబిడ్డలు జీవించుటకు చాలినంత ధనము ప్రభుత్వనిధినుండియో బీమానుండియో చెల్లవలెననియు తీర్మానించినది. భారత ప్రభుత్వము దానికి సమ్మతింపలేదు. 1924లో ఎన్. ఎం. జోషీగారు కేంద్ర శాసనసభలో తెచ్చిన ప్రసూతి భృతి బిల్లు మరుసటి యేడు వీగిపోయినది. బొంబాయి శాసనమండలిలో 1928లో ఇట్టి బిల్లే చర్చకు వచ్చినప్పుడు డాక్టరు అంబేద్కరు, ఈ భారమును అధికభాగము ప్రభుత్వమే వహింపవలసినదని ఒప్పుకొనుచునే, ప్రభుత్వము వహింపనంతకాలము స్త్రీ శ్రమవలన లాభించు యజమాని దానిని వహించుట న్యాయమని సమర్థించెను. బొంబాయి చట్టము 1929లో వచ్చినది. చెన్నపట్టణపు చట్టము 1934లో. రాచర్ల, గిద్దలూరు, కంభము, మార్కాపురములతో కూడిన యీ పడమటి సీమ అప్పుడు మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లాకు చెందినది. చట్టము కర్మాగారములకు, ఇక్కడి స్త్రీలు చేలలో నుండిరి. కావున ఆ చట్టము వచ్చిన సంగతి ఇచ్చట ఏ చేనిగట్టునకును తెలిసి యుండదు.

ఈ చట్టములన్నిటికిని పునాదిలోనే ఒక మెలిక కలదు. సొమ్ము యజమాని యీయవలెను. సొమ్ము పొందుటకు స్త్రీ పేరు యజమాని మస్టరులో నుండవలెను. ఆ మస్టరు వ్రాయువాడును యజమానియే. పేరు వ్రాయకున్న భృతి లేదు గనుక, వ్రాయకుండుటయే వానికి లాభసాటి యైనది. ఈ కీలకమును గ్రహించియే కాబోలు, 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము భృతిని యజమాని పెట్టెనుండి తీసి చందాలతో నిండిన ఒక ఉమ్మడి నిధిలో పెట్టినది. ఈ బీమా గల స్త్రీకి నేడు గడచిన రెండు చందా కాలములలో 70 దినముల చందా చెల్లియున్నచో, 26 వారములు పూర్తి సగటు వేతనము లభించును. రాజ్యాంగము 42వ అధికరణమున ప్రసూతి సహాయమును రాజ్యపు విధులలో చేర్చినది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము రాష్ట్రమునకొక తీరుగా నున్న పద్ధతులకు ఒక రూపమిచ్చి, 12 వారముల సెలవును నిర్ణయించినది. ప్రసవమునకు ముందు కాలపు సొమ్ము ముందుగానే యీయవలెననియు, మిగిలినది ప్రసవపు రుజువు చూపిన 48 గంటలలో చెల్లింపవలెననియు ఆ చట్టము శాసించినది. నలుబది యెనిమిది గంటలు! ఈ వాక్యము చదివిన ప్రతిసారియు నాకు చట్టకర్తల ఆశావాదముపై గౌరవము కలుగును.

తగవులన్నియు ఆ సొమ్ము లెక్కలోనే వచ్చినవి. కోయంబత్తూరు కార్మిక న్యాయస్థానమున మొదలైన ఒక వ్యాజ్యములో తోటపని చేయు స్త్రీ ప్రసూతి భృతిని యజమాని 84 దినములకు గాక, పండ్రెండు ఆదివారములు తీసివేసి, 72 దినములకే కట్టియిచ్చెను. ఆదివారమున బాలింతకు ఆకలి యుండదా యన్న ప్రశ్న సుప్రీముకోర్టువరకు పోయి, 1977లో వారమునకు ఏడు దినములే యని తేలవలసివచ్చినది. భృతికి అర్హత పొందుటకు చేయవలసిన పనిదినములు 160 నుండి 80కి దిగుటకు 1988 వరకు పట్టెను. 2000లో ఢిల్లీ నగరపాలక సంస్థ తన మస్టరు రోలు కూలీలకు ఈ చట్టము వర్తింపదని వాదింపగా సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివేసినది. మస్టరులో పేరున్నవారికే ఇంత పోరాట మవసరమైనప్పుడు, పేరే లేనివారి మాట చెప్పనేల? మార్కాపురపు పలక దేశమంతట పిల్లల చేతులలో మెలగినది. ఆ పలకల పనిలో స్త్రీల చేతులు తక్కువ గావు. గని యైనచో చట్టము వర్తించును, కర్మాగార మైనచో వర్తించును. లెక్కకు ఇంత యని కూలి పుచ్చుకొని ఇంటియరుగుమీద పని చేయుదానికి యజమాని యెవరో తేలుటయే కష్టము.

ప్రభుత్వోద్యోగినుల కథ వేరు. మన రాష్ట్రమున వారి ప్రసూతి సెలవు 2010లో 120 దినములనుండి 180 దినములకు పెరిగినది; సెలవునకు ముందు అందుకొన్న వేతనమే సెలవులోను అందును. రాచర్లలో పనిచేయు ఒక ఉపాధ్యాయినికి సెలవు దొరకుట యంత కష్టము గాదు; సర్వీసు రిజిస్టరులో దానిని నమోదు చేయించుకొనుట మరచినచో, ఇంక్రిమెంటు దినమున తెలిసివచ్చును.

సముద్రముల కావల మన ఆడపడుచులు చూచుచున్న పద్ధతి మరియు విచిత్రము. కాలిఫోర్నియాలో 1946 నుండి అశక్తతా బీమా యొకటి నడచుచున్నది. సాధారణ గర్భము అశక్తతయే కాదని దానినుండి తొలగింపగా, 1974లో అమెరికా సుప్రీముకోర్టు అట్లు తొలగించుట రాజ్యాంగవిరుద్ధము కాదన్నది. 1978లో చట్టము చేసి, గర్భిణిని ఇతర తాత్కాలిక అశక్తులతో సమముగా చూడవలెనని కాంగ్రెసు ఉద్యోగస్థలములకు ఆదేశించినది. అచ్చట పని చేయు తెలుగు వనిత నేడు ప్రసవమునకు ముందు 4 వారములును, సాధారణ కాన్పైనచో తరువాత 6 వారములును భృతి పొందుటకు, తాను అశక్తురాలనని వైద్యునిచే వ్రాయించుకొనవలెను. మన చట్టము ఎన్ని లోపములున్నను కడుపుతోనున్నదానిని అశక్తురాలని పిలువలేదు.

చేలలోని స్త్రీకి భృతి యను మాట 1995లో గాని వినబడలేదు. జాతీయ ప్రసూతి సహాయ పథకము క్రింద మొదట 300, తరువాత 500 రూపాయలు. 2005లో జననీ సురక్ష వచ్చి, ఆసుపత్రిలో కాన్పైన పేద తల్లికి మన పల్లెలలో 700 ఇచ్చినది. 2010లో ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ పథకమును నాటి మన ఉమ్మడి రాష్ట్రమున పశ్చిమ గోదావరి, నల్లగొండ జిల్లాలలో ప్రయోగింపగా, 1970లో పుట్టిన మన ప్రకాశము జిల్లా చూచుచుండెను. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రతి గర్భిణికిని 6000కు తగ్గకుండ నీయవలెనన్నది. 2017లో అమలునకు వచ్చిన మాతృవందన యోజన 5000 ఇచ్చి, తక్కినది జననీ సురక్షలో చూచుకొనుడన్నది. ఆ యైదువేలును తొలిబిడ్డకే. 2022 నుండి రెండవ బిడ్డ ఆడపిల్ల యైనచో 6000 చేర్చిరి. తొలుత మూడు వాయిదాలు. ఇప్పుడు తొలిబిడ్డకు రెండు: కడుపుతో నుండగా 3000, కాన్పై టీకాలు పడిన పిమ్మట 2000.

ఇచ్చట యజమాని లేడు, మస్టరు లేదు. కాని పద్దు పోలేదు. ఆధారులో పుట్టింటి యింటిపేరు, బ్యాంకు పుస్తకములో అత్తింటి యింటిపేరు. తల్లీబిడ్డల కార్డు ఒక ఊర, కాన్పు ఇంకొక ఊర. పైకము ఖాతా సంఖ్యనుబట్టి గాక ఆధారునుబట్టి పోవును గనుక, ఆధారు సంఖ్యకు చిట్టచివర జతపడిన ఖాతా యేదియో ఆ ఖాతాలోనే పడును. అది తెరచినవారికే జ్ఞాపకము లేకపోవచ్చును.

గిద్దలూరులోని ఒక బ్యాంకులో మొన్న వరుసలో నా ముందు నిలిచిన పిల్ల రాచర్ల వైపుది, తొమ్మిదవ నెల. పాలిథీను కవరులో నాలుగు మడతల కాగితములు, నెలనెలా సూదుల తేదీలు వ్రాసిన కార్డు, పసుపంటిన పాసుపుస్తకము. ఆమె ముమ్మారు తిరిగినదట. గుమాస్తా మీటలు నొక్కి చూచి, సొమ్ము రెండు నెలల క్రిందటనే పడినదనియు, అయితే ఇచ్చట గాదనియు, పెండ్లికి ముందు ఉపాధిహామీ కూలికై నంద్యాల దగ్గర తెరచిన ఖాతాలో పడినదనియు, అది వాడుకలో లేక మూతపడియుండును గనుక అచ్చటికే పోయి తెరిపించుకొనవలెననియు చెప్పెను. నల్లమల ఘాటు దాటి, ఈ నెలలలో, బస్సులో! నేను ఏదో అనబోవునంతలో ఆ పిల్ల నవ్వినది.

“ఎట్టా పురిటికి అమ్మోళ్లింటికే పోవాల గద సారూ, ఆడే తీసుకుంటాలే.”

కార్డును పుస్తకములో పెట్టి, పుస్తకమును కవరులో చుట్టి, నడుము చేతితో పట్టుకొని మెట్లు దిగిపోయినది.