గుంజాల గోండి లిపి కంప్యూటర్‌కెక్కిన దారి

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. అవి 1750 ప్రాంతానివని అంచనా. 2018 జూన్‌లో యూనికోడ్ 11 ఆ లిపికి 63 సంకేతాలు కేటాయించింది. ఈ కథను చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ సంకేతాలు రావడం వేరు, తెరమీద అక్షరాలు సరిగ్గా కూడుకోవడం వేరు. హల్లు, విరామం (హల్లులోని అచ్చును తీసేసే గుర్తు), మరో హల్లు వరసగా వస్తే ఎవరో ఒకరు వాటిని సంయుక్తాక్షరంగా మలచాలి. ప్రతి ప్రోగ్రామూ ఆ విద్యను విడిగా నేర్చుకోవాల్సి వస్తే, కొద్దిమందే రాసే లిపి కోసం ఎవరు పూనుకుంటారు? ఈ లిపి నిలబడటానికి యూనికోడ్ ఎంత కారణమో, ప్రోగ్రామ్ నడిచే వేళ లోడయ్యే లైబ్రరీల పద్ధతీ అంతే కారణమని నా వాదన.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. సీ లాంటి భాషలో రాసి కంపైల్ చేసిన ప్రోగ్రామ్ ఇక మారదు. అయినా తనలో లేని ఫంక్షన్లను వాడుకోగలదు. లైబ్రరీ కొన్ని ఫంక్షన్ల పేర్లను ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోడర్ ఆ పేరు వెతికి ప్రోగ్రామ్‌కు చిరునామా అందిస్తుంది. 1960ల నాటి మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఈ ఆలోచన ఉంది. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలను కూర్చింది యూనిస్క్రైబ్ అనే డీఎల్‌ఎల్ (విండోస్‌లో ఇలాంటి లైబ్రరీల పేరు). లినక్స్‌లో ఆ పని హార్ఫ్‌బజ్‌ది. దాని ముఖ్య ఫంక్షన్ హెచ్‌బీ-షేప్ నాలుగే అడుగుతుంది: ఫాంటు, అక్షరాలున్న బఫర్, ఫీచర్ల జాబితా, వాటి లెక్క. ఈ నాలుగింటి రకాలు తేడా పడితే లోడర్ పట్టుకోలేదు, ప్రోగ్రామ్ నడుస్తూ కూలిపోవచ్చు. అందుకే ఎక్స్‌పోర్ట్ చేసిన పేరును, ఆర్గ్యుమెంట్లను మార్చకపోవడం లైబ్రరీ రాసేవాళ్లు నిలుపుకోవాల్సిన మాట. 2018లో గుంజాల గోండి చేరినప్పుడు హార్ఫ్‌బజ్ ఆ మాట నిలుపుకుంది. లిపిని గుర్తించే పనినీ లైబ్రరీకే వదిలిన పాత ప్రోగ్రామ్, ఒక్క లైనూ తిరిగి రాయకుండా, కొత్త లిపిని కూర్చగలిగింది.

క్రోమ్, ఫైర్‌ఫాక్స్ సొంత హార్ఫ్‌బజ్ ప్రతిని లోపలే కట్టుకుంటాయి కదా అనవచ్చు. నిజమే, దాంతో వెర్షన్ల గొడవా తప్పుతుంది. అయితే తరచూ అప్‌డేట్లు పంపగల సంస్థలకే అది చెల్లుతుంది. ఒకసారి రాసి వదిలేసిన చిన్న ప్రోగ్రామ్ అలా చేస్తే, తయారైన రోజు దగ్గరే ఆగిపోతుంది. అసలు కావలసింది ఫాంటే అనేవారూ ఉన్నారు. ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి, కాదనను. కానీ ఫాంటులోని నియమాలను చదివి అమలు చేసేది లైబ్రరీ. ఆండ్రాయిడ్‌లో అది సిస్టమ్‌తో పాటే వస్తుంది కాబట్టి, 2018కి ముందే అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో సిస్టమ్ లైబ్రరీకి గుంజాల లిపి ఉందనే తెలియదు.