ఒక్క ట్యాప్ తగ్గిస్తే ఏమవుతుంది?

మన ఫీల్డులో "యూజర్‌కి ఒక ట్యాప్ తగ్గించాం" అంటే పండగే. కానీ షేర్ మెనూ మీద చర్చ వచ్చినప్పుడల్లా నాకు 2018 గుర్తొస్తుంది.

కాస్త వెనక్కి వెళ్దాం. మా నిర్మల్ దిక్కు ఊళ్ళల్లో కబురంటే డప్పు చాటింపే. చాటేది ఎవరో, చాటమన్నది ఎవరో ఊరందరికీ తెలుసు. తర్వాత "వెయ్యి కాపీలు అచ్చేసి పంచకపోతే కీడు" అనే కరపత్రాలొచ్చాయి. భయపడ్డా సరే, ప్రెస్సు వాడికి డబ్బులివ్వాలి కదా, చాలామంది అక్కడే ఆగిపోయేవాళ్ళు. ఈమెయిల్ ఫార్వర్డులతో ఆ ఖర్చూ పోయింది.

ఇక ఫోన్లు. 2008లో ఆండ్రాయిడ్ 'ఇంటెంట్' అనే పద్ధతి తెచ్చింది. ఒక యాప్ "ఇది పంపాలి" అంటే చాలు, పంపగలిగే యాప్‌ల జాబితా సిస్టమే చూపిస్తుంది. 2014లో ఐఓఎస్ 8 బయటి యాప్‌లకి కూడా షేర్ షీట్‌లో చోటిచ్చింది. 2015లో ఆండ్రాయిడ్ 6 యాప్ పేరే కాదు, నేరుగా మనిషి పేరే మెనూలో పెట్టింది. వాట్సాప్ ఇంకో అడుగు ముందుకేసి, ఫోటో, వీడియో పక్కనే ఫార్వర్డ్ బాణం పెట్టింది. మెనూ తెరిచే పని కూడా లేదు!

2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ తెలంగాణలో పుకార్లు పాకాయి. నిజామాబాద్ జిల్లాలో, హైదరాబాద్‌లో అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జూలై 13న బీదర్ జిల్లాకి కారులో వెళ్ళిన హైదరాబాద్ స్నేహితులు దారిలో పిల్లలకి చాక్లెట్లిచ్చారు. అంతే, కిడ్నాపర్లన్నారు. వాళ్ళు పారిపోతుంటే, కారు కంటే ముందే వాట్సాప్ మెసేజ్ ముర్కి ఊరికి చేరింది. అక్కడ రోడ్డుకి అడ్డం పడ్డారు. చనిపోయినతను మనలాగే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

"కొట్టింది మనుషులు, బటన్ కాదు" అంటారు. నిజమే, పుకార్లు డప్పు కాలంలోనూ ఉన్నాయి. కానీ అప్పట్లో పుకారు కారుని దాటి పరిగెత్తలేదు. ఆ తేడా తెచ్చింది మన పనే.

2016 నుంచి వాట్సాప్ మెసేజ్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయి కాబట్టి, అందులో ఏముందో కంపెనీ చూడలేదు. మార్చగలిగింది మెనూనే. 2018 జూలైలోనే 'ఫార్వర్డెడ్' అనే లేబుల్ వచ్చింది. ముర్కి ఘటన జరిగిన వారంలోపే, ఇండియాలో ఆ బాణం తీసేస్తామనీ, ఒకసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అనీ ప్రకటించారు. 2019లో ఈ ఐదు పరిమితి ప్రపంచమంతటికీ వర్తించింది. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేశారు. దాంతో అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది.

గమనించారా? నిషేధం లేదు, సెన్సార్ లేదు. కరపత్రానికి ప్రెస్సు ఖర్చు ఎలా అడ్డుపడేదో, ఇక్కడ రెండు మూడు ట్యాప్‌లు అలా అడ్డుపడ్డాయి.

అందుకే నేననేది, ట్యాప్ తగ్గించే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇది అబద్ధమైతే, ఎంత దూరం వెళ్ళాక ఆగుతుంది? క్యాబ్ బుకింగ్‌కి ఒక ట్యాప్ చాలు. వెయ్యిమందికి చేరే మాటకి మాత్రం ఇంకో ట్యాప్ ఉంటే నష్టమేం లేదు.